ఓపెనర్ తిరుపాలు

దామోదర్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే. పేరు లేనిది ఏదైనా సరే, ఆయన కళ్ళెదుట ఉండడానికి వీల్లేదు.

మడివాళ మార్కెట్ వెనక ఒక పాత కాంప్లెక్సులో, మెట్ల కింద, పట్టపగలు కూడా లైటు వేసుకోవలసిన చోట ఆయన వీడియోగేముల అంగడి ఉండేది. అందులో తిరిగే సీలింగ్ ఫ్యాను పేరు జయరామప్ప. బిల్డింగ్ ఓనరు పేరు కూడా అదే. "చప్పుడు జాస్తి, గాలి తక్కువ. ఆయప్ప పేరే సరిపోతాది" అనేవాడు. ట్యూబులైటు వెనక కాపురం పెట్టిన బల్లి రత్నమ్మ. మూత ఊడిన పాత క్యాలిక్యులేటర్‌కు కూడా పేరుంది గాని, అది ఆయన అత్తగారి పేరు కాబట్టి మెల్లగా పిలిచేవాడు.

ఇక మనుషుల సంగతి చెప్పనక్కర్లేదు.

"బాస్, ఈ వైరు ఎంత?" అని ఎవరైనా అడిగితే చాలు.

"బాస్ యాడుండాడప్పా ఇక్కడ? నేను దామోదర్. నువ్వు?"

పేరు, ఇంటిపేరు, ఊరు, ఆ ఊళ్ళో ఎవరి వీధి అన్నీ తేలేసరికి గంట గడిచేది. వైరు కొనడానికి వచ్చినవాడు వైరు మరిచిపోయి, చెల్లెలి పెళ్ళికి శుభలేఖ ఇచ్చి వెళ్ళేవాడు.

ఈ పిచ్చి సంగతి వరూధినికి మొదట్లో తెలియదు. ఆమె ఏలూరు అమ్మాయి. మడివాళలోనే ఒక పీజీ హాస్టల్లో ఉంటూ, ఊళ్ళోని అంగళ్ళకు గేము పెట్టెలు సరఫరా చేసే ఆఫీసులో ప్రొబేషన్ మీద పనిచేసేది. పెట్టెలు రెండు రకాలు. జనం వాటిని నల్లది, తెల్లది అనేవాళ్ళు. ఆ ఏడు, అంటే రెండువేల నాలుగులో, నల్ల పెట్టెవాళ్ళు క్రికెట్ మీద గట్టి ఒప్పందం కుదుర్చుకున్నారు. పేరున్న ఆటగాళ్ళ అసలు పేర్లూ, అసలు ముఖాలూ ఇక వాళ్ళ గేములోనే ఉండాలి. దాంతో తెల్ల పెట్టె గేములో పదకొండు మందికీ ఒకే ముఖం మిగిలింది. పేర్ల చోట ఆటగాడు ఒకటి, ఆటగాడు రెండు అని అంకెలు. కావాలంటే కొన్నవాళ్ళే పేర్లూ ముఖాలూ మార్చుకోవచ్చు. మార్చకపోతే మాత్రం ఒకే ముఖంతో పదకొండు మంది వరుసగా మైదానంలోకి నడిచి వస్తుంటే చూసేవాళ్ళకు ఒళ్ళు జలదరించేది.

"ఈ డీల్ వల్ల జనం నిజంగా కన్సోల్ కొంటున్నారా, లేదా? నాకు రిపోర్ట్ కావాలి" అన్నాడు మేనేజర్ అచ్యుత్. "శుక్రవారం సాయంత్రానికల్లా. నీ కన్ఫర్మేషన్ కూడా దాని మీదే."

వరూధిని నలభై అంగళ్ళ అమ్మకాలు తెప్పించింది. ముప్పై తొమ్మిదింట్లో ఒకటే కథ. నల్లవి నాలుగు పోతే తెల్లది ఒకటి పోతోంది. నలభయ్యో అంగట్లో మాత్రం కథ అడ్డం తిరిగింది. అక్కడ నల్ల పెట్టెలు దుమ్ము కొట్టుకుంటుంటే తెల్లవి వేడి వేడి బజ్జీల్లా పోతున్నాయి. అది దామోదర్ అంగడి.

అదే వారం ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది బొమ్మనహళ్ళి నుంచి.

"మేడం, మా తెల్ల పెట్టెలో ఎవరో ఉన్నారు."

"ఎవరో అంటే?"

"తిరుపాలట. ఎదుటి టీములో ఓపెనర్. మేము ఆ పేరు పెట్టలేదు. హెల్మెట్ పెట్టుకోడు. ఎడమచేతి వాటం. కుడి కనుబొమ్మ సగమే ఉంటుంది."

"బౌల్డ్ చేసేయండి."

"అవ్వడం లేదు మేడం! రన్ను తియ్యడు, అవుటవ్వడు. అవతలి వైపు జయరామప్పలూ రత్నమ్మలూ వచ్చి పోతుంటారు. ఈయన మాత్రం బ్యాటు పట్టుకుని మావైపే చూస్తుంటాడు. మా అమ్మ టీవీ మీద దుప్పటి కప్పేసింది."

తర్వాత ఇంకో ఇల్లు, ఇంకో వీధి. అందరిదీ ఒకటే మాట: అదే తిరుపాలు, అదే సగం కనుబొమ్మ, అదే చూపు. ఒకాయన పెట్టెకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టించాడు. ఇంకో ఇంట్లో ఆటకు ముందు తిరుపాలు పేరు చెప్పి రెండు బిస్కెట్లు పక్కన పెడుతున్నారు. తీరా ఆట అయ్యాక చూస్తే బిస్కెట్లు ఉండటం లేదట. ఆ ఇంట్లో నలుగురు పిల్లలున్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"ఎవరో పెట్టెలతో ఆడుకుంటున్నారు" అన్నాడు అచ్యుత్. "ఎవరో కనిపెట్టు. డీలర్ అయితే ఆ రోజే డీలర్‌షిప్ క్యాన్సిల్."

ఫిర్యాదు చేసినవాళ్ళందరూ పెట్టె కొన్నది ఒక్క చోటే. బుధవారం మధ్యాహ్నం మూడింటికి వరూధిని ఆ మెట్ల కిందికి దిగింది. లోపల చీకటిగా ఉంది. కుర్చీలు ఖాళీ. కాని వేలమంది జనం అరుస్తున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. కళ్ళు అలవాటు పడ్డాక మూలన వెలుగుతున్న టీవీ కనిపించింది. దాని ముందు బక్కపలచని మనిషి కూర్చుని ఉన్నాడు.

"నేను డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి వచ్చానండీ."

"ఆఫీసు సరే తల్లీ. నీ పేరేంది?"

"వరూధిని."

"ఎంత చక్కటి పేరు! మరి మెడలో కార్డు మీద నూటపద్నాలుగు అని రాసినారేమి?"

"అది ఎంప్లాయీ నంబరండీ."

దామోదర్ ముఖం వాడిపోయింది. "మనిషికి నంబరేందమ్మా, సిటీ బస్సుకు మాదిరి! కూర్చో. జయరామప్పా, స్వల్ప జోరుగా తిరుగప్పా, పాప ఎండలో వచ్చింది."

ఫ్యాను కీచుమంది. వరూధిని తలెత్తి ఫ్యానును చూసింది. తర్వాత టీవీ మీద పేర్లు చూసింది. దెయ్యం టీము ఎక్కడ పుట్టిందో ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

అంతలో చైతు అనే కుర్రాడు నల్ల పెట్టె కావాలని వచ్చాడు. కాలేజీ, హాస్టలు, ఊరు అన్నీ అడిగి తెలుసుకున్నాక దామోదర్ పెట్టె మీద చేయి వేసి నిట్టూర్చాడు.

"ఇందులో పదకొండు మందీ నీకు తెలిసినవాళ్ళే కదా చైతూ. పొద్దున పేపర్లో వాళ్ళే, బిస్కెట్ పొట్లం మీద వాళ్ళే. ఇంట్లో కూడా వాళ్ళేనా? పైగా దీంట్లో ఒక పేరు మార్చేదానికి లేదు, అగ్రిమెంటంట. తెల్లదాంట్లో అయితే మీ లెక్కల మాస్టరు పేరు పెట్టుకోవచ్చు. మొదటి బంతికే ఆయప్పను బౌల్డ్ చేయొచ్చు."

చైతు కళ్ళు మెరిశాయి. పెద్ద ఒప్పందం ఆ అంగట్లో ఒక్క లెక్కల మాస్టరు ముందు చిత్తుగా ఓడిపోయింది. చైతు తెల్ల పెట్టె చంకన పెట్టుకుంటుంటే, దామోదర్ అగ్గిపెట్టె అంత మెమరీ కార్డు చేతిలో పెట్టాడు. "ఇది ఊరికే. మన టీము ఉండాది. ఎదుట పెట్టుకుని ఆడు. ఓపెనర్‌ను స్వల్ప గమనించు."

చైతు వెళ్ళాడో లేదో, కాంప్లెక్సు ఊడ్చే బాలమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. టీవీలో కొత్త ఆట మొదలైంది. హెల్మెట్ లేకుండా తిరుపాలు మెల్లగా నడిచి వచ్చాడు.

"వచ్చినాడు చూడు బాలమ్మా" అన్నాడు దామోదర్.

బాలమ్మ టీవీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "అన్నం తిన్నావా?" అని అడిగింది. టీవీలో మనిషి ఏమీ అనకుండా ఆమె వైపే చూస్తున్నాడు. "చిక్కిపోయినాడు సార్" అంది బాలమ్మ.

అప్పుడే జయరామప్ప ఆగిపోయాడు. లైటు వెనక రత్నమ్మ కిచకిచమంది. వరూధిని అడగకూడని మాట అడిగేసింది.

"ఆయన పోయి ఎన్నాళ్ళయింది?"

చీపురు పైకి లేచింది. "ఎవరే పోయింది? నా మొగుడు గుండ్రాయి మాదిరి ఉండాడు! నీ నోట్లో మన్ను పడ!"

"బాలమ్మా, పాపకు తెలీదు. బేజారు చేసుకోవద్దు" అని దామోదర్ మధ్యలోకి వచ్చాడు. కథ అప్పుడు బయటపడింది.

తిరుపాలుది కదిరి పక్క పల్లె. తాపీపని. ఎనిమిది నెలల కిందట చేపల కూరలో ఉప్పెక్కువైందన్నాడు. బాలమ్మకు ఒళ్ళు మండి, "నీ మొహం నాకు చూపించొద్దు, పో" అంది. ఏ మొగుడైనా వీధి చివరి దాకా వెళ్ళి, టీ తాగి తిరిగొస్తాడు. తిరుపాలు మాట మీద నిలబడే మనిషి. పోయినవాడు పోయినట్టే ఉండిపోయాడు. పోలీసు స్టేషనులో ఫోటో తెమ్మన్నారు. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఫోటో దిగలేదు. పనిచేసిన చోట అడిగితే, "తిరుపాలా? మా దగ్గర పేర్లుండవు, టోకెన్ నంబరు చెప్పు" అన్నారు.

"ఆ మాట విని నాకు మూడు దినాలు కూడు పోలేదమ్మా" అన్నాడు దామోదర్. "ఒక మనిషి మాయమైపోతే వెతికేదానికి పేరు కూడా లేదంటే ఏమి చెప్పేది? ఈ పెట్టెలో చూస్తే పదకొండు మంది పేర్లూ ముఖాలూ లేక నిలబడి ఉండారు. సరే అనుకుంటిని."

పదకొండు మధ్యాహ్నాలు ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారట. "ముక్కు అంత ముద్దుగా ఉండదు సార్, స్వల్ప తొక్కండి." "మీసం కిందికి." "కనుబొమ్మ సగం తీసేయండి, చిన్నప్పుడు ఎద్దు పొడిచింది." అలా బాలమ్మ తన మొగుణ్ణి ముక్కముక్కగా గుర్తు తెచ్చుకుని నిలబెట్టింది. తిరుపాలుకు ఆట రాకపోయినా, అవుట్ కాకుండా నిలబడే ఓర్పు మాత్రం నిండుగా పెట్టాడు దామోదర్. "ఎంతసేపు నిలబడితే అంతసేపు జనం మొహం చూస్తారు కదా. హెల్మెట్ అందుకే పెట్టలేదు."

"ఆఫీసుకు తెలిస్తే మీ అంగడికి సరుకు ఆగిపోతుందండీ" అంది వరూధిని.

"రాసేది నీ పని, రాయాల్సిందే. కాని ఇప్పటికి నలభై ఇండ్లకు పోయినాడు తిరుపాలు. ఇంకొన్ని ఇండ్లకు పోనీ తల్లీ. ఎవరో ఒకరు చూడకపోతారా?"

శుక్రవారం పొద్దున వరూధిని కంప్యూటర్ ముందు కూర్చుంది. రాస్తే దామోదర్ అంగడి మూతపడుతుంది, తిరుపాలు ఇక ఏ ఇంటికీ వెళ్ళడు. రాయకపోతే తన ఉద్యోగం ఉండదు. ముప్పై తొమ్మిది అంగళ్ళ సంగతి గబగబా రాసేసి, నలభయ్యో అంగడి దగ్గర చేతులు కట్టుకుని కూర్చుంది. పదకొండింటికి ఫోను మోగింది.

"మేడం, ఆనేకల్ నుంచి మహేశ్‌ను. గేము పార్లరు. మీ తెల్ల పెట్టె మాకొద్దు, వెనక్కి తీసుకోండి."

"ఏమైందండీ?"

"టీవీలోంచి దిగొచ్చినాడు మేడం!"

"ఎవరు?"

"తిరుపాలు! టీవీలో ఒకడు, గుమ్మంలో ఒకడు నిలబడి ఉండారు. ఒళ్ళంతా తెల్లగా ఉండాది. పిల్లకాయలంతా బెంచీల కింద దూరినారు."

వరూధిని కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఏమైనా మాట్లాడాడా?"

"నీళ్ళడిగినాడు."

"ఇవ్వండి! నీళ్ళిచ్చి కూర్చోబెట్టండి."

"దెయ్యాన్నా?"

"దెయ్యాన్నే! మేం వచ్చేదాకా వదలకండి."

దామోదర్‌నూ బాలమ్మనూ వెంటబెట్టుకుని వరూధిని బస్సెక్కి ఆనేకల్ చేరేసరికి తిరుపాలు పార్లరులో బెంచీ మీద కూర్చుని తన బ్యాటింగు తానే చూసుకుంటున్నాడు. ఒంటి మీద తెలుపంతా సిమెంటు దుమ్ము. పక్క బిల్డింగు పనిలోంచి నీళ్ళ కోసం వచ్చాడట. మహేశ్ రెండు గజాల దూరంలో నిలబడి, చేతిలో నిమ్మకాయ పట్టుకుని ఉన్నాడు.

బాలమ్మను చూసినా తిరుపాలు బెంచీ దిగలేదు. టీవీ వైపు చేయి చూపించాడు.

"మొహం చూపించొద్దంటివి. పోతి. మరి ఊరూరా ఇండ్లల్లో దూరి నా మొహం చూపిస్తుండేది ఎవరు?"

బాలమ్మ టీవీలో మొగుణ్ణీ బెంచీ మీద మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది.

"కనుబొమ్మ సరిగానే వచ్చింది సార్. మీసమే స్వల్ప జాస్తయింది" అని, ఆ మీసాన్నే పట్టుకుని గుంజింది. "ఉప్పెక్కువైందంటివి కదా! ఎనిమిది నెల్లుగా నా కూరలో ఉప్పే లేదు. రా, వచ్చి తిను!"

ఇంత సంతోషం చూసి వరూధినికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. దామోదర్ మాత్రం అటు తిరిగి టీవీ ఆపేశాడు. "ఇన్నింగ్స్ డిక్లేర్ చేసినా" అన్నాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

సాయంత్రం రిపోర్టు పూర్తయింది. క్రీడల ఒప్పందాలు కొనేవాళ్ళను ఆకర్షిస్తాయా అంటే, నలభైలో ముప్పై తొమ్మిది చోట్ల తప్పకుండా ఆకర్షిస్తాయని రాసింది. ఒక చోట మాత్రం స్థానిక ఆటగాళ్ళకు ఆదరణ ఎక్కువగా ఉందని రాసింది. ఇళ్ళలో కనిపించిన ఆటగాడు ఆనేకల్‌లో స్వయంగా దొరికాడనీ, ఫిర్యాదు పరిష్కారమైందనీ చేర్చింది.

"లోకల్ టాలెంట్!" అన్నాడు అచ్యుత్, చివరి వాక్యం దాకా చదవకుండానే. "వెరీ గుడ్ పాయింట్." ఉద్యోగం ఖాయమైంది.

ఖాయమయ్యాక వచ్చిన మొదటి జీతంతో వరూధిని దామోదర్ అంగట్లో తెల్ల పెట్టె కొంది. మెమరీ కార్డు ఊరికే వచ్చింది. నల్లది ఎందుకు కొనలేదని పీజీలో రూమ్మేట్ జెస్సీ సాధిస్తూనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ఆట మొదలుపెట్టారు. ఎదుటి టీములో తిరుపాలు లేడు. హెల్మెట్ లేకుండా, నెరిసిన జుట్టుతో ఒక ముసలాయన మెల్లగా నడిచి వచ్చి, వాళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు. పేరు దేవదానం.

"అమ్మో, ఎవరే ఈ తాత? అలా చూస్తున్నాడేంటి?" జెస్సీ దుప్పటి దగ్గరికి లాక్కుంది. "ఆ అంపైర్ చూడు, మీసాలు చూడు! పేరు... ఒసేయ్, వరూధిని అని ఉందే!"

వరూధిని టీవీ దగ్గరికి జరిగి ఆ మీసాలు చూసింది.

"అంపైర్ సంగతి రేపు నేను మడివాళ మెట్ల కిందికి దిగి తేల్చుకుంటాను" అంది. "నువ్వు బంతి వెయ్యకు. ముందు తాతను బాగా చూసి పెట్టుకో."