ఒకే నంబరు చెప్పిన రెండు స్లాట్లు

అమీర్‌పేటలో లినక్స్ పాఠాలు చెప్పి బతికే నాకు ఓపిక తక్కువ. తెరమీద కనిపిస్తున్నది చదవకుండా "సార్, రావట్లేదు" అనేవాళ్లంటే ఒళ్లు మండుతుంది. అలాంటి నన్ను, నాకు నలభై దగ్గరపడ్డాక పెళ్లి చేసుకున్న ఆవిడకు అప్పటికే ఎనిమిదేళ్ల కూతురు. పాప వాళ్ల నాన్న జబ్బుచేసి పోయి మూడేళ్లయింది. పాప నన్ను అంకుల్ అనేది.

"ఏమని పిలవమందాం?" అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. "దాని ఇష్టం, మనదేముంది" అన్నాను పెద్దమనిషి తరహాలో. నిజానికి పాప అంకుల్ అన్న ప్రతిసారీ మనసు చిన్నబోయేది. నోరు తెరిచి అడగడానికి మాత్రం పరువు అడ్డొచ్చేది.

మా ఆవిడది పంజాగుట్టలో ఒక బట్టల షాపులో బిల్లింగ్ ఉద్యోగం. ఆమె వచ్చేదాకా పాప స్కూలు నుంచి మా ఇన్‌స్టిట్యూట్‌కే వచ్చి, చివరి బెంచీలో హోంవర్క్ చేసుకునేది. ఒక శనివారం సాయంత్రం బ్యాచ్ వెళ్లిపోయాక, సోమవారం క్లాసు కోసం ఒక పాత సర్వర్ మూత విప్పి చూసుకుంటున్నాను. పాప పుస్తకం మూసి వచ్చి పక్కన నిలబడింది.

"గివేంది అంకుల్, పొడుగ్గ ఉన్నయి?"

"స్లాట్లు. నెట్ కార్డో ఇంకోటో గుచ్చాల్నంటే గీడ గుచ్చుతరు. కెర్నల్ అని లోపల ఒక ప్రోగ్రాం ఉంటది. మిషన్ మొత్తం దాని చేతుల్నే ఉంటది. ఆన్ చెయ్యంగనే ఏ స్లాట్ ఏ నంబరో అది గీ పచ్చ బోర్డును అడుగుతది. బోర్డు చెప్పిన నంబరే పేరుగ పెట్టుకుంటది."

తెరమీద ఆ పేర్ల జాబితా ఉంది. వరసగా 1, 1-1, 2. పాప వేలు సరిగ్గా మధ్యదాని మీద ఆగింది. మా బ్యాచ్‌లో ముప్పైమందికీ కనపడనిది దీనికి కనపడిందని ముచ్చటేసింది.

"బోర్డు చేసినోడు సోయి లేకుంట చేసిండు," అన్నాను. "రెండు స్లాట్లకు ఒకటే నంబరు ఇచ్చిండు."

"మరి కెర్నల్ ఏం చేస్తది? రెండోదాన్ని వద్దంటదా?"

"అనదు. ముందొచ్చిన దాని పేరు అట్లనే ఉంచుతది. వెనకొచ్చిన దానికి అదే పేరు పెట్టి, పక్కన గీత పెట్టి ఇంకో ఒకటి తగిలిస్తది. రెండూ పనిచేస్తయి."

"మొదటిదాన్ని తీసెయ్యదా?"

"ఎందుకు తీసేస్తది? దాని జాగల అది ఉంటది."

పాప వేలితో ఆ గీతను ఒకసారి తడిమింది. తర్వాత తెర మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"మరి మా నాన్న ఫోటో ఎందుకు తీసేసిన్రు?"

పెళ్లయ్యాక బల్కంపేట ఇంటినుంచి ఇక్కడి పోర్షన్‌కు మారినప్పుడు, ఆ ఫోటోను పాత దుప్పట్లో చుట్టి సజ్జ మీద పెట్టాం. ఎక్కడ తగిలిద్దామని మా ఆవిడ అడిగితే, గోడకు మేకులు కొడితే ఓనర్ ఊరుకోడు, తర్వాత చూద్దాం అన్నాను. ఓనర్ అలా అన్నదే లేదు. అదే గోడకు గడియారం కొట్టింది నేనే. అన్నం తినేటప్పుడు ఆ మనిషి నా వైపు చూస్తుంటాడని భయం. భయమని ఇప్పుడు అంటున్నాను గానీ, అది కుళ్లు. లేని మనిషిని చూసి కుళ్లుకున్నాను. ఈ పిల్లేమో నన్ను నాన్నా అని పిలిస్తే ఆయన పోతాడని, పెళ్లయిన ఈ ఆర్నెల్లుగా నోరు కట్టేసుకుని ఉంది.

"తీసెయ్యలే బిడ్డా," అన్నాను. "రేపు పెడదాం."

మర్నాడు ఆదివారం. పొద్దున్నే సజ్జ మీంచి ఫోటో దించి తడిగుడ్డతో తుడిచాను. నాకంటే చిన్నవాడు. ఫోటో తీసేటప్పుడు ఎవరో నవ్వించినట్టున్నారు, ఆపుకోలేని నవ్వు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి చూసింది. స్టూలెక్కి కొట్టిన మొదటి మేకు వంగిపోయింది. పెచ్చు ఊడి నెత్తిన పడింది. గోడ కట్టినవాణ్ని తిట్టుకుంటూ రెండోది కొట్టి, ఫోటో తగిలించాను.

పాప నాలుగడుగులు వెనక్కి వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"నాన్న ఫోటో జర వంకరున్నది," అంది. "ఎడమకు జరుపు నాన్నా."

జరిపాను. ఫోటో సరిగ్గా కుదిరాక కూడా, ముఖం గోడవైపే పెట్టుకుని దాన్ని సర్దుతూనే ఉన్నాను. కళ్లు ఆరేదాకా స్టూలు దిగలేదు.