దానం అన్నా, ఆ హ్యాండిల్ నా దగ్గరే ఉంది

నిన్న పొద్దున టీ కొట్టు దగ్గర ఎప్పటిలాగే రెండు టీలు చెప్పి కూర్చున్నాను. ఒకటి నాకు, ఒకటి దానం అన్నకు.

టీ వచ్చింది. అన్న రాలేదు.

మరియమ్మ వదిన ఫోన్ వచ్చింది. "మస్తానూ, మీ అన్న లేవట్లేదయ్యా" అంది.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు. సాయంత్రం సమాధుల దొడ్డిలో నా చేతులతో మట్టి వేసి వచ్చాను. అయినా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. దానం అన్న ఒంగోలులో మెకానిక్. నేను ఆ షెడ్డు పక్కనే కార్ల సీట్లు కుట్టేవాణ్ణి. ఇరవై ఏళ్ల స్నేహం.

నిన్నటి నుంచి ఈ పాత కార్ల గ్రూపులో మీరందరూ అన్న ఫొటో పెట్టి "లెజెండ్", "RIP" అని రాస్తున్నారు. ఫొటోలో పక్కన ఆ పాత స్టేషన్ వాగన్ కారు. బావుంది. మరి అదే వాగన్‌కి వెనక డోర్ హ్యాండిల్ కావాలని నేను ఇక్కడే ఎన్నిసార్లు పోస్ట్ పెట్టాను? ఒక్కరన్నా పలికారా?

పోనీలెండి. మిమ్మల్ని అనే అర్హత నాకూ లేదు. చదవండి, తెలుస్తుంది.

ఆ బండి గుంటూరులో ఒక మిర్చి గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడుంది. అన్న దాన్ని లారీ మీద ఎక్కించుకొచ్చిన రోజు వాడంతా తుమ్ములే. సీట్ల దూదిలో కూడా కారం. మూడుసార్లు విప్పి కుట్టాను. కుడుతూ నేను ఏడుస్తుంటే అన్న పగలబడి నవ్వేవాడు. "ఏరా, బండి మీద అంత ప్రేమా?" అనేవాడు.

దాని పార్టులు ఎక్కడా దొరకవు. నాలుగేళ్లు తిరిగాడు. వెనక డోరు చివరికి దాచేపల్లి దగ్గర ఒక మేకల దొడ్డికి తలుపుగా దొరికింది!

ఆ ఇంటామె ససేమిరా అంది. "తలుపు నీకిచ్చి నా మేకల్ని కుక్కలకిచ్చెయ్యనా?" అని గట్టిగా వేసుకుంది.

అన్న కొలతలు తీసుకుని వచ్చేశాడు. వారం తిరక్కుండా ఇనుప తలుపు చేసి, నన్నూ వెంటబెట్టుకుని ట్రాలీ ఆటోలో తీసుకెళ్లి, తనే బిగించాడు. ఆమె రెండుసార్లు ఊపి చూసుకుని, పాత డోరు ఇచ్చి, ఇద్దరికీ అన్నం పెట్టి పంపింది.

డోరైతే వచ్చింది కానీ హ్యాండిల్ లేదు. చివరికి ఇంటి తలుపులకు వాడే గడియ పెట్టాం. అన్నకది ఎంత నామోషీనో.

అమ్మేటప్పుడు వచ్చిన ప్రతివాణ్ణీ అన్న ఒకటే అడిగేవాడు. "నడుపుతారా అండీ, నిలబెడతారా?" నిలబెడతామన్నవాళ్లకు టీ ఇచ్చి పంపేసేవాడు. అలా ఎంతమందిని పంపాడో.

డాక్టరేమో వంగొద్దు, కార్ల కింద దూరొద్దు అన్నాడు. వింటేనా? "ఎలాగోలా ఆ బండిని షెడ్డులోంచి పంపెయ్యి మస్తానూ" అని వదిన నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

అప్పుడు ఒక హోటలాయన నాకు ఫోన్ చేశాడు. హైవే మీద తన హోటల్ ముందు షోకి పెట్టుకుంటానన్నాడు.

నేనే చెప్పాను ఆయనకు. "అలా అనకండి సార్. నడుపుతానని చెప్పండి, ఇచ్చేస్తాడు" అని.

అన్న ఆరోగ్యం కోసమే చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. సగమే నిజం. నేను కుట్టిన సీట్లు నలుగురూ చూస్తారని కూడా ఆశపడ్డాను.

హోటలాయన వచ్చి నేను చెప్పినట్టే చెప్పాడు. అన్న నమ్మాడు. బండి కదిలేముందు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. నేను పక్కనే తలవంచుకుని నిలబడ్డాను.

మూడు నెలల కిందట చీరాలలో ఒక పాత సైకిల్ షాపు తుక్కులో ఆ హ్యాండిల్ దొరికింది. ఎంత సంబరపడ్డాడో! "గడియతో అమ్మాం రా, సిగ్గుచేటు. నేనే వెళ్లి బిగించొస్తా" అని పొద్దున్నే బస్సెక్కాడు. ఆపే ధైర్యం నాకు లేకపోయింది.

సాయంత్రం తిరిగొచ్చి ఆ హ్యాండిల్ నా కుట్టుమిషను మీద పెట్టాడు. "హోటలాయన ఊళ్లో లేడు రా. నీ దగ్గరుంచు" అన్నాడు.

బతికిపోయాననుకున్నాను. మర్నాడు కూడా ఇద్దరం టీ తాగాం. మొన్నటి వరకూ తాగాం.

నిన్న అన్న శవపెట్టెలో పెడదామని ఆ హ్యాండిల్ తీసుకెళ్లాను. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆయన అంతా చూసొచ్చాడు మస్తానూ" అంది. ఇంజన్ పీకేసి బానెట్ కింద క్రోటన్ మొక్కలు పెట్టారట. వెనక డోరు కోసేసి కాఫీ కౌంటర్ చేశారట. ఎందుకిలా చేశారండీ అని అడిగితే, "మీ మస్తానే కదా నడుపుతానని చెప్పమంది" అన్నాడట హోటలాయన.

ఇంటికొచ్చి అన్న వదినతో ఒట్టు వేయించుకున్నాడట. "వాడికి చెప్పొద్దు. తెలిస్తే రేపట్నుంచి నా పక్కన కూర్చుని టీ తాగలేడు" అన్నాడట.

మూడు నెలలు. రోజూ. నవ్వుతూ.

ఆ హోటల్ దగ్గర కారు ముందు దిగిన సెల్ఫీలు దయచేసి తీసెయ్యండి. నన్ను తిట్టాలనుకుంటే కింద తిట్టండి, ఒక్కటీ డిలీట్ చెయ్యను.

ఈ పొద్దున కూడా కొట్టుకెళ్లాను. అలవాటుగా రెండు టీలు చెప్పాను. ఒక్కటీ తాగలేకపోయాను.

వెళ్లిరా అన్నా. ఒక్కసారి తిట్టి పోవాల్సింది.

నీ ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.