బడి కంప్యూటర్‌లో చేపలు ఏరిన పెంగ్విన్

ఇవాళ నా లాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు లినక్స్ వేసుకుని పెద్ద కార్ల ఆట ఒకటి తెరిచాను. ఏ గొడవా లేకుండా నడిచింది. వెంటనే మన బోగోలు బడి కంప్యూటర్ గది గుర్తొచ్చింది. చెప్పులు బయట విడిచి, మానిటర్ మీద గుడ్డ తీసి కూర్చునేవాళ్లం, మీకు గుర్తుందా? ఎవరు ఏ ఆట సీడీ తెచ్చినా తెరుచుకునేది కాదు. "ఇది లినక్స్, ఇందులో అవి రావు" అనేవారు సార్. ఉన్నదల్లా మంచు మీద జారుతూ చేపలు ఏరుకునే పెంగ్విన్ ఆటే.

ఏడో తరగతిలో నన్ను బడి మానిపించి, అమ్మతో చేపలు ఎండబెట్టే పనిలో పెట్టాలని నాన్న సార్‌తో చెప్పడానికి వచ్చాడు. అప్పుడు నేను ఆ ఆటలోనే ఉన్నాను.

తెర మీద చేపలు చూసి, "చేపలు పట్టేదానికి బడెందుకు పాపా? మనకు పడవ లేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఇంతలో పెంగ్విన్ చెట్టుకు గుద్దుకుంది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.

"ఏమంటా ఉంది?"

"మళ్లీ ఆడతావా అని అడుగుతోంది నాన్నా."

"నువ్వే చదివినావా?"

తలూపాను. సార్ దగ్గరికొచ్చి, ఏం పని మీద వచ్చావని అడిగారు.

నాన్న తెర వైపే చూస్తూ, "ఏం లేదు సార్. పాప ఎట్టా చదవతా ఉందో చూసిపోదామని వచ్చినా" అన్నాడు.