కడగని ఆకులు

ప్రయోగశాలలో ఓవెన్ తలుపు తెరవగానే ఎండిన ఆవాకు ఘాటు ముక్కుకు తగిలింది. వెంటనే శేషాచార్యులు గారు గుర్తుకు వచ్చారు. తొంభైల చివర తిరుపతిలో నా పరిశోధనకు మార్గదర్శకులు ఆయన. నుదుట నామం చెదరకుండా, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పొలంలోకి నాకంటే ముందు దిగేవారు.

వడమాలపేట దగ్గర మునిరత్నం అనే రైతు చేను పక్కన, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు కొన్నాళ్ళు నడిచి మూతపడింది. సీసం మాత్రం చేని మట్టిలో మిగిలింది. మొక్కలు దాన్ని వేళ్ళతో పీల్చుకుంటే, కోసి తీసేస్తూ నేలను బాగు చేయవచ్చునని మా ఆశ. అందుకే అక్కడ ఆవాలు చల్లాం. మునిరత్నానికి కావలసింది ఒక్కటే: ఆ చేలో మళ్ళీ వేరుశనగ వేయవచ్చునా?

మొదటి కోత ఆకుల్లో సీసం నేను ఊహించనంత కనిపించింది. సంతోషం పట్టలేక, గురువుగారికి చూపకముందే, "ఇంకో కోత తీస్తే తొలకరికి వేసుకోవచ్చు" అని మునిరత్నానికి చెప్పేశాను.

తరువాత ఆ ఫలితాల పట్టిక చూసి గురువుగారు అడిగిన మాట ఒక్కటే. "ఆకులు కడిగినావా?"

"దులిపాను సార్."

"మొక్క లోపల ఉన్నదెంత, పైన దుమ్ముగా పడిందెంత? కడిగి చూడు."

రెండో కోత ఆకులను మూడు నీళ్ళలో కడిగి చూశాను. సీసం అంకె కూలిపోయింది. మునిరత్నానికి ఉత్తరం రాస్తానన్నాను.

"చెప్పింది నోటితో కదమ్మా. దిద్దేదీ నోటితోనే," అని నాతో పాటు బస్సెక్కారు.

మేము వెళ్ళేసరికి ఇంటిల్లిపాదీ అరుగు మీద కూర్చొని వేరుశనగ విత్తనాలు వలుస్తున్నారు. వలిచిన విత్తనం ఎక్కువ కాలం నిలవదు. తడబడుతూ విషయం చెప్పాను. మునిరత్నం చేతిలోని కాయ కింద పడేశాడు.

"నీళ్ళతో కడిగితే పొయ్యేదాన్ని చెట్టు తాగిందంటివే అమ్మణ్ణీ! మా ఇంట్లోది సదువుకోలేదు గానీ, కూరాకు కడక్కుండా పొయ్యి మీద పెట్టదు."

ఆచార్యులు గారు నవ్వేశారు. "నిజమే మునిరత్నం. తప్పు మాదే."

"మరి నేల యెప్పుటికి బాగయితాది సామీ?"

"నాకు తెలియదు."

ఆ మాటకు ముందు గాని, వెనుక గాని ఆయన ఒక్క వివరణ కూడా చేర్చలేదు. మునిరత్నం కింద పడేసిన కాయను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "సరే, ఈ ఇత్తనాలు మా బామ్మర్ది చేలో ఏస్తాము. మీరు మళ్ళా ఆవాలు సల్లుకోండి. ఈసారి కడిగినాకే నోరు తెరవండి."

ఆ తరువాత నా చేతుల మీదుగా ఎన్నో ఫలితాలు వెళ్ళాయి. తెలియని చోట తెలియదనే రాస్తాను. ఎదుటి మనిషి ముఖం చూసి ఆ మాట అనడం మాత్రం, ఆయనకు వచ్చినంత సులువుగా నాకు నేటికీ రాదు.