ఒక్క చెంచా

సౌదీలోని హాయిల్ దగ్గరి గోధుమ చేలల్లో పనిచేసే భూమన్న, తూటాల ముందు కూర్చునేటప్పుడు చేతులు మూడుసార్లు తుడుచుకుంటాడు. వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, అతని కఫీల్‌కు తుపాకీ సరదా. కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాల్లో ఇంట్లోనే మళ్లీ మందు నింపించడం ఈ నెలే మొదలుపెట్టాడు. చిన్నప్పుడు తల్లి పక్కన బీడీల మూతులు మడిచిన వేళ్లని తెలిసి, ఆ పని భూమన్నకు అప్పజెప్పాడు. తూటాకు ఒక్క చెంచా మందు. రెండు పడితే తుపాకీ చేతిలోనే పేలుతుంది. అందుకే పోసిన ప్రతిసారీ భూమన్న "ఒకటి" అని పైకే అంటాడు.

ఇవాళ మధ్యలో భార్య పోశమ్మ ఫోన్ చేసింది. "తిన్నవా?" అంటే "తిన్న" అంటూనే చెంచాడు పోసి, మూతి మడిచి, తూటాను డబ్బాలో వేశాడు. ఫోన్ పెట్టాక, ఈసారి "ఒకటి" అనలేదని గుర్తొచ్చింది. ఆమె ఫోన్ చేయకముందే దాంట్లో ఓసారి పోశాడా? అన్నిటిలో కలిసిపోయాక అదేదో తెలియదు. విప్పి చూద్దామనుకునేలోపే కఫీల్ వచ్చి డబ్బా పట్టుకుపోయాడు. భూమన్న చెంచా పక్కన పడేసి లేచాడు. చేల అవతల ఒకటి పేలింది. ఇంకొకటి పేలింది. "బాబా, ఆగు! ఆగు!" తలగుడ్డ ఊపుతూ పరుగెత్తాడు. ఏమైందన్నట్టు కఫీల్ తుపాకీ దించాడు. నేర్చుకున్న అరబ్బీ ఒక్క ముక్కా గుర్తు రాక, భూమన్న రెండు వేళ్లు పైకెత్తాడు. కఫీల్ ఆ వేళ్లనే కాసేపు చూశాడు. తర్వాత తుపాకీని, పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా ఇసుకలో పెట్టి, వెనక్కి వెనక్కి నడిచాడు.