నూకరాజు బోగీ అయిన రోజు

ఉషారాణి పదమూడేళ్లు బోగీల కింద దూరి బ్రేకులు బిగించిన ఫిట్టరు. పుట్టింది బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లోనే. మోచేతికి దెబ్బ తగిలాక ఆ ఊరి డిపోలోనే రికార్డుల గదికి మార్చారు. అక్కడ ఊరికే కూర్చోలేక ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. డిపోలోని రెండు వందల బోగీల వివరాలకూ తనే ఒక ప్రోగ్రాము రాసింది. అందులో బోగీ ఒక క్లాసు, అంటే ఒక వర్గం; ఉద్యోగి ఇంకో క్లాసు. 'తనిఖీ తేదీ' అనే గడి బోగీ క్లాసుది.

కిందటేడు అన్ని డిపోల వివరాలనూ కలపాలన్నారు. అందుకు సెమాంటిక్ వెబ్ పద్ధతి ఎంచుకున్నారు. ప్రతి సంగతినీ ఒక చిన్న వాక్యంలా రాస్తే, వాటి నుంచి యంత్రం కొత్త సంగతులు తేల్చుకుంటుంది. ఉషారాణి తన క్లాసులను ఉన్నవి ఉన్నట్టుగా అందులోకి దించింది. 'తనిఖీ తేదీ' బోగీకి చెందుతుందని అక్కడా రాసింది. తర్వాత ఉద్యోగుల వైద్య పరీక్షకూ అదే పేరు వాడి, ముందుగా ఒక్క నూకరాజు తేదీ ఎక్కించి చూసింది. నూకరాజు ఆమెకు పని నేర్పిన పెద్ద ఫిట్టరు. పాత ప్రోగ్రామైతే అక్కడే అడ్డుపడేది. ఇది కిక్కురుమనలేదు.

బోగీల జాబితా తీస్తే రెండు వందల ఒకటి వచ్చాయి. చివరిది నూకరాజు!

షెడ్డంతా నవ్వు. నూకరాజే ముందొచ్చాడు.

"ఏటే ఉషా, నన్ను బోగీని సేసేసినావా? ఏ బండికి తగిలిస్తావేటి?"

"నవ్వకు బాబాయ్. తప్పెక్కడుందో నాను పట్టుకుంటాను."

మూడు రోజులు చదివింది. నాలుగో రోజు టీ తాగుతుండగా తట్టింది. తన ప్రోగ్రాములో 'తనిఖీ తేదీ బోగీది' అన్న మాట ఒక కాపలా: బోగీ కానిదానికి ఆ గడి దొరకదు. ఇక్కడ అదే మాటకు అర్థం వేరు: తనిఖీ తేదీ ఉన్నది ఏదైనా సరే, అది బోగీయే. తను చెప్పిన మాటనే యంత్రం నమ్మింది.

ఆ ముడి తెంచేసింది. తేదీని ఎవరికైనా వర్తించేలా విడిగా ఉంచింది. బోగీకి తేదీ తప్పకుండా ఉండాలన్న నియమాన్ని వేరేగా, వివరాలను సరిచూడడానికి మాత్రమే రాసింది. ఈసారి బోగీలు సరిగ్గా రెండు వందలు. నూకరాజు తన తేదీతో సహా ఉద్యోగుల్లోకి చేరాడు.

వారం తిరక్కుండానే డిపోల సమావేశం అక్కడే జరిగింది. వేరే డిపో నుంచి వచ్చిన రాకేష్ అనే కుర్ర ఇంజనీరు తన జాబితా చూపించాడు. అందులో ఒక క్రేను కూడా బోగీల్లో కూర్చుని ఉంది. అతనికి కారణం అంతుబట్టలేదు. వరంగల్ నుంచి వచ్చిన అధికారి సత్యనారాయణమూర్తి నూకరాజు బోగీ అయిన సంగతి అప్పటికే విన్నారు; వెనక్కి తిరిగి, "ఉషారాణిగారూ, మీరు చెప్పండి" అన్నారు.

ఆమె బోర్డు దగ్గరికి వెళ్లి, హిందీలో, గంటసేపు చెప్పింది. ఇరవై మంది ఇంజనీర్లు రాసుకున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ నూకరాజు పక్కవాళ్ల చెవుల్లో, "సూసినారా, ఆ పిల్లకి పానా పట్టుకోడం నేర్పింది నానే" అంటూనే ఉన్నాడు.

ఇప్పుడు ఉషారాణి నెలకు రెండు రోజులు వేరే డిపోలకు వెళ్లి పాఠం చెబుతోంది. వెళ్లే రోజున డ్యూటీ పుస్తకంలో తన పేరుకెదురుగా 'శిక్షణ ఇచ్చుటకు' అని తనే రాసుకుంటుంది, మిగతావాళ్లవాటికంటే కొంచెం పెద్ద అక్షరాలతో.