చంద్రమ్మ నెత్తి మీది సంచి

మా గల్లీల ఎవల ఇంట్ల ఏ కూర ఉడుకుతున్నదో నాకు వాసనతోనే తెలుస్తది. కానీ చంద్రమ్మ నెత్తి మీది సంచిల ఏమున్నదో మాత్రం వారం దినాలు తెల్వలే. ఆ వారం నాకు సరిగ్గ నిద్ర లేదు.

చంద్రమ్మది మా ఎదురిల్లు. యాభై దాటింది. శంషాబాద్ నుంచి ఎయిర్‌పోర్టుకు పోయే పెద్ద రోడ్డు పక్కన పూలచెట్లు పెట్టే పని చేస్తది, ఒక గుత్తేదారు కింద. పొద్దుగాల ఆకుపచ్చ కోటు తొడుక్కొని వ్యాన్ ఎక్కుతది, పొద్దుమీకి దిగుతది. ఇన్నేండ్ల నుంచి చేతుల టిఫిన్ డబ్బా తప్ప ఇంకోటి చూడలే. ఈసారి హోలీ అయిన రెండో నాడు నెత్తి మీద సిమెంటు సంచి కనబడ్డది. పైన తువ్వాల కప్పి ఉన్నది.

"ఏందే చంద్రమ్మా, ఏం తెస్తున్నవ్?" అని గేటు కాడికెళ్లి అడిగిన.

"ఏం లేదక్కా, చెత్త" అనుకుంట లోపటికి పోయింది.

చెత్తను ఎవలన్న నెత్తి మీద పెట్టుకొని ఇంటికి తెచ్చుకుంటరా? తెచ్చుకున్నా దానికి తువ్వాల కప్పుతరా?

తెల్లారి మళ్ల సంచి. మూడో నాడు మళ్ల. ఇగ ఉండబట్టక గిన్నె పట్టుకొని పెరుగు తోడు కోసం పోయిన. దర్వాజ సగమే తెరిచింది, గిన్నెల తోడు వేసింది, "ఉంట అక్కా" అని మూసింది. పన్నెండేండ్ల నుంచి ఎదురుబొదురు ఉంటున్నం. లోపటికి రా అనలేదంటే ఏదో ఉన్నట్టే గద.

బట్టలు ఆరేసే సాకుతోని మా మిద్దె ఎక్కిన. అక్కడికెళ్లి ఆమె పెరడు సాఫ్ కనబడతది. అంతకుముందు అక్కడ ఒక మల్లె చెట్టు, ఒక తులసి కోట, అంతే. ఇప్పుడు చూస్తే నెయ్యి డబ్బాలు, పలిగిన బకెట్లు, రంగు డబ్బాలు, ఆఖరికి పిడి ఊడిన కుక్కర్ కూడ, దేంట్ల చూసినా పూలే. ఊదావి, ఎర్రవి, తెల్ల గీతలవి. వాటి పేర్లు నా నోరు తిరగవు గని, మనుమని తోలుకొని విమానాలు చూపించ పోయినప్పుడు ఆ రోడ్డు పక్కన చూసిన పూలు అవ్వే. నడుమల చంద్రమ్మ పీట వేసుకొని కూసున్నది. చేతుల చాయ్ గ్లాసు. ఏ పనీ చేస్తలేదు. ఊరికె చూస్తున్నది.

అదే నాకు మరీ అనుమానం అనిపించింది. చంద్రమ్మ ఊరికె కూసునే మనిషి కాదు. ఒకప్పుడు ఆమె, పెనిమిటి మొగులయ్య ఎకరంల బంతి, చామంతి పండించేటోళ్లు. ఇంకా చీకటి ఉండంగనే తెంపుడు, సంచులకు కుక్కుడు, గుడిమల్కాపూర్ మార్కెట్ల కాంటా పెట్టుడు. తలల ఒక్క పువ్వు పెట్టుకున్నది నేను చూడలే. ఆ ఎకరం ప్లాట్లు అయినంక మొగులయ్య వాచ్‌మన్ పనికి, ఆమె ఈ పనికి పోయిండ్రు. అసొంటి మనిషి పూల ముంగట చాయ్ తాగుకుంట కూసుంటదా?

ఇన్ని చెట్లు ఎవలు ఊరికె ఇస్తరు? నేను రెండు చెట్లు కొనుక్కున్న. మొన్ననే చెట్ల ఆటో వచ్చింది. ఒకే కొమ్మకు తెలుపు, గులాబి రెండు రంగుల కాగితపు పూలు. సగం ధరకు అడిగితే ఆటోవాడు మారు మాట అనకుండ ఇచ్చిండు. నా మెట్ల కింద బుద్ధిగ పెట్టుకున్న. దొంగతనంగ సంచిల తెచ్చుకోలే.

ఈ ముచ్చట నేను ఒక్కతికే చెప్పిన. పక్కింటి జ్ఞానప్రసూనాంబకు. వాళ్లది భీమవరం దిక్కు, ఆయన బ్యాంకుల చేసి రిటైర్ అయిండు.

"మనకెందుకండీ పోచమ్మగారూ, ఒకళ్ల సంగతి" అన్నది. మళ్ల దగ్గరికి జరిగి, "ఇంతకీ ఎన్ని కుండీలు ఉంటాయంటారు?" అని అడిగింది.

నేను ఒక్కతికే చెప్పిన. ఆమె ఇంకొక్కరికే చెప్పి ఉంటది. అట్ల ఒక్కొక్కరికే పోయి, నాలుగో నాటికి చంద్రమ్మ సూపర్‌వైజర్ నవీన్‌కుమార్ చెవుల పడ్డది. ఆదివారం పొద్దున బండేసుకొని వచ్చి చంద్రమ్మ గేటు కొట్టిండు. నేను, జ్ఞానప్రసూనాంబ చీపుర్లు పట్టుకొని ఊడ్చిన వాకిలే మళ్ల ఊడుస్తున్నం.

"తుక్కుగూడ కాడి మన నర్సరీల నలభై చెట్లు పోయినయ్. నీ ఇంట్ల ఉన్నయని గల్లీ అంత చెప్పుకుంటున్నరు" అన్నడు.

చంద్రమ్మ గేటు బార్లా తెరిచింది. "చూస్కో సారూ. ఎండకాలం చెట్లు పెట్టాలె, చలికాలంవి పీకి గుంతల వెయ్యమన్నది నువ్వే గద? పూలతోనే ఉంటే మట్టి కప్పబుద్ధి కాలే, తెచ్చుకున్న."

"నలభై ఎక్కడ మరి?"

"నర్సరీ చెట్లయితే నల్ల కవర్ల ఉంటయ్. కవరు మీద మీ తెల్ల రంగు చుక్క ఉంటది. ఒక్కటి చూపియ్."

తెల్ల చుక్క అనంగనే నా చేతుల చీపురు ఆగింది.

నా మెట్ల కింది రెండు చెట్లకు నల్ల కవర్లే. తెల్ల చుక్క ఉన్నది. నీళ్లు పోసేటప్పుడు పక్షి రెట్ట అనుకొని రుద్దిన, పోలే.

నవీన్‌కుమార్ వింటలేడు. "కవర్లు చింపి పారేసినవేమో. నాకు పైన జవాబు చెప్పుకునేది ఉన్నది. రేపటి నుంచి వ్యాన్ ఎక్కకు" అన్నడు. చంద్రమ్మ గేటు కాడనే కూలబడ్డది. ఆమె మొఖం చూసినంక నాకు మళ్ల ఊడ్వబుద్ధి కాలే. ఊకుంటే నా చెట్లు నాకు ఉంటయ్, నా పరువు ఉంటది. చంద్రమ్మ పని మాత్రం పోతది, అదీ నా నోటి నుంచి పోయిన ముచ్చటతోని.

"ఓ బిడ్డా, జర ఇటు రా" అన్న. "నీ చుక్కలు నా ఇంట్ల ఉన్నయ్."

"అయ్యో పోచమ్మగారూ, మీ ఇంట్లోనా!" అని జ్ఞానప్రసూనాంబ నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. ఆ మాట గల్లీ చివరిదాక వినబడ్డది.

నవీన్‌కుమార్ చుక్కలు తడిమి చూసిండు. "ఎవడమ్మిండు పెద్దమ్మా?"

ఆటోను నేను చూడకుండ ఉంటనా? "నీలం ట్రాలీ ఆటో. ఎడమ అద్దం పలిగింది. నంబరు చివర రెండు ఏడులు. నడిపేటోనికి మెడకు ఎర్ర రుమాలు."

ఆయన మొఖం మాడింది. "అది మా నర్సరీకి మట్టి తెచ్చే ఆటోనే" అని గొణిగిండు. నా రెండు చెట్లు బండికి కట్టుకున్నడు. పోయేటప్పుడు చంద్రమ్మ దిక్కు చూడకుండనే, "రేపు వ్యాన్ కాడికి రా" అన్నడు. నర్సరీ గేటు తాళం ఎవల కాడ ఉంటదో ఆయన చెప్పలే. నేను అడిగిన కూడ.

అందరు పోయినంక చంద్రమ్మ కాడికి పోయిన. "తువ్వాల ఎందుకు కప్పినవే మరి?"

"ఎండకు పూలు వాడిపోతయని."

"చెత్త అన్నవ్?"

"సారు గట్లనే అంటడు."

"నన్ను లోపటికి ఎందుకు రమ్మనలే?"

"నువ్వొస్తే ముచ్చట పెడతవక్కా. ముప్పై ఏండ్లు పూలు తెంపిన, ఒక్కనాడు కూసొని చూడలే. వ్యాన్ దిగినంక గా గంట నేను పూలు చూసుకుంట."

సోమవారం పొద్దుమీకి వ్యాన్ దిగి సీదా నా గేటు కాడికి వచ్చింది. సంచి దించి, తువ్వాల తీసి, మూతి విప్పింది. ఒక ఊదా పూల చెట్టు తీసి నా చేతుల పెట్టింది. "చూసినవా అక్కా? ఇగ పోతున్న."

ఇప్పుడు రోజూ గట్లనే చేస్తది. చూడనే తల్లీ, పో అంటున్న. అయినా నా గేటు కాడ ఆగి, సంచి విప్పి, అడుగుదాక చూపించిగని లోపటికి పోదు.